రైతుబజారు బోర్డు మీద అక్షరాలు

"అమ్మా, వీణ్ణి ఇంట్లోనే చదివించుకోమంటున్నారు" అని మా అమ్మాయి ఫోన్ చేసిన రోజు నేను శ్రీకాకుళంలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. మా మనవడికి అప్పుడు ఆరేళ్ళు. ఆటిజం ఉంది. మాటలు పదిహేను మించి లేవు. స్కూలువాళ్ళు మర్యాదగానే చెప్పారట. "బాబు బంగారమేనండీ, కానీ క్లాసులో కుదురుగా కూర్చోడు. మిగతా పేరెంట్స్ ఇబ్బంది పడుతున్నారు. హోమ్ బేస్డ్ ఎడ్యుకేషన్ అని ఉంటుందిగా, అది చూసుకోండి."

ముప్పై ఒక్క ఏళ్ళు జిల్లా పరిషత్ బడుల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. జీవోలు, చట్టాలు చదవడం నాకు కొత్త కాదు. అయినా "ఇంట్లో చదువు" అనే ఆ రెండు మాటల వెనక ఎన్ని వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయో విడదీసుకోవడానికి ఏడాది పట్టింది. నాలుగేళ్ళుగా విశాఖపట్నం మర్రిపాలెంలో మా అమ్మాయి ఇంట్లోనే ఉండి వాడికి నేర్పుతున్నాను. థెరపీ సెంటర్ల బయట బెంచీల మీద కూర్చున్నప్పుడు గాజువాక నుంచి, మధురవాడ నుంచి, కొందరైతే అనకాపల్లి నుంచి వచ్చే తల్లులు పక్కన కూర్చుంటారు. వాళ్ళు అడిగే ప్రశ్నలన్నీ నేనూ ఒకప్పుడు అడిగినవే.

ఒకే మాట, మూడు సంగతులు

మొదటిది, చట్టంలో ఉన్న గృహ ఆధారిత విద్య. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 2012లో దాన్ని సవరించినప్పుడు, తీవ్ర వైకల్యమో ఒకటికి మించిన వైకల్యాలో ఉన్న పిల్లలు ఇంటి దగ్గర చదువును ఎంచుకునే హక్కు కూడా కలిగి ఉంటారని చేర్చారు. ఎంచుకునే హక్కు పిల్లవాడిది, వాడి తరఫున తల్లిదండ్రులది. పిల్లవాణ్ణి ఇంటికి పంపించెయ్యడానికి బడికి ఆ వాక్యం ఏ అధికారమూ ఇవ్వదు. ఈ పద్ధతిలో పేరు దగ్గరలోని ప్రభుత్వ బడి రిజిస్టరులోనే ఉంటుంది. సమగ్ర శిక్ష కింద పనిచేసే సహిత విద్య టీచర్లు, మనవాళ్ళు ఐఈఆర్‌టీలు అంటారు, ఇంటికి వచ్చి పిల్లవాడికి కొంత నేర్పి, ఎలా నేర్పాలో ఇంట్లోవాళ్ళకు చూపించి వెళ్తారు. మంచం దిగలేని పిల్లలకు, బడి దాకా మోసుకెళ్ళే వీలే లేని పిల్లలకు ఇది పెద్ద ఆసరా. కాస్త కదలగలిగే పిల్లలైతే, ఇలాంటి పిల్లలకు నేర్పే ప్రభుత్వ భవిత కేంద్రానికి తీసుకెళ్ళొచ్చు.

రెండోది, బడి పూర్తిగా మానిపించి తల్లిదండ్రులే చదివించి, వయసు వచ్చాక ఓపెన్ స్కూల్లో పరీక్ష రాయించడం. దీని సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే ఆరేళ్ళ పిల్లాడి విషయంలో అది అప్పుడే తేల్చుకోవలసింది కాదు.

మూడోది, ఎక్కువమందికి నిజంగా కావలసింది ఇదే. బడి బడే, థెరపీ థెరపీయే. మిగతా ఇరవై గంటలు పిల్లవాడు ఉండేది ఇంట్లో. ఆ గంటల్లో ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి?

మా అమ్మాయికి స్కూలువాళ్ళు చెప్పింది మొదటిది. వాళ్ళ మనసులో ఉన్నది రెండోది. మావాడికి కావలసింది మూడోది. ఈ ముడి విప్పుకోకుండా టీసీ తీసుకుని ఇంటికొచ్చేసిన కుటుంబాలు నాకు తెలిసి చాలా ఉన్నాయి. ఒకసారి రిజిస్టరులోంచి పేరు పోతే యూనిఫాం, పుస్తకాలు, భత్యాలు, ఇంటికి వచ్చే టీచరు, అన్నీ పోతాయి. అందుకే ఎవరడిగినా ముందు చెప్పేది ఒకటే: పేరు తీయించకండి. ఈ బడి కాకపోతే ఇంకో బడిలో, ఏదో ఒక రిజిస్టరులో పేరు ఉండాలి.

దీనికి గట్టి చట్టం ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత చట్టంలో లేని ఆటిజం, చదవడం రాయడం కష్టమయ్యే డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు కలిపి 21 రకాలు అందులో ఉన్నాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కు. మామూలు బడా, ప్రత్యేక బడా అన్నది ఎంచుకునేది కుటుంబమే. ప్రైవేటు బడుల్లో మొదటి తరగతిలో విడిగా పెట్టే 25 శాతం సీట్ల కోటాలోకీ ఈ పిల్లలు వస్తారు. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు, ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పది మంది పిల్లలకు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒక స్పెషల్ టీచరు ఉండాలని చెప్పింది. మన బడుల్లో అంతమంది ఎక్కడున్నారని అడుగుతారు. లేరు. అయినా ఆ తీర్పు కాగితం చేతిలో పెట్టుకుని అడిగే తల్లికీ, ఊరికే బతిమాలే తల్లికీ ఆఫీసు గదిలో దొరికే జవాబు వేరుగా ఉంటుంది. ముప్పై ఏళ్ళు ఆ గదిలో ఇవతలి పక్క కూర్చున్నాను, అందుకే చెప్తున్నాను.

మావాడి పేరు ఇప్పుడు వీధి చివర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఉంది. రోజూ పొద్దున రెండు గంటలు వెళ్తాడు. మొదట్లో వాడి పక్కన నేనూ కూర్చునేదాన్ని. తర్వాత వరండాలోకి మారాను. ఇప్పుడు గేటు దగ్గర దింపి వచ్చేస్తున్నాను. విశాఖలో ప్రత్యేక బడులూ ఉన్నాయి. లెబెన్‌షిల్ఫే ఎన్నో ఏళ్ళుగా నడుస్తోంది, నేవీ కుటుంబాల సంఘం నడిపే సంకల్ప్ ఉంది. తీవ్రత ఎక్కువగా ఉన్న పిల్లలకు అలాంటి చోటే మేలు కావచ్చు. అది ఒక్కో పిల్లాణ్ణి చూసి తేల్చుకోవలసిన సంగతి.

పలక పట్టే ముందు

పాఠం మొదలుపెట్టే ముందు చెవులు, కళ్ళు చూపించండి. ఇది చాలామంది దాటేస్తారు. "పిలిస్తే పలకడు, ఆటిజం కదా" అని సరిపెట్టుకున్న ఒక పాపకు బెరా పరీక్ష చేస్తే వినికిడి లోపం బయటపడింది. మన ఊళ్ళో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. నిద్ర, మలబద్ధకం, పిప్పిపన్ను, ఫిట్స్ కూడా ఇలాంటివే. నొప్పి అని చెప్పలేని పిల్లాడు చెయ్యి కొరుక్కుంటాడు, మనం దాన్ని మొండితనం అంటాం.

కాగితాల పని కూడా అప్పుడే మొదలుపెట్టాలి. వార్డు సచివాలయంలో సదరం, అంటే వైకల్యం ఎంతో తేల్చే ప్రభుత్వ పరీక్షకు స్లాటు బుక్ చేసుకోవాలి. ఆ సర్టిఫికెట్, వైకల్యం ఉన్నవారికి ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు ఉంటేనే మిగతావన్నీ కదులుతాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు నిరామయ అనే ఆరోగ్య బీమా ఇస్తుంది. లక్ష రూపాయల దాకా కవరు, థెరపీ ఖర్చులకూ ఒక హద్దు వరకు వర్తిస్తుంది. ఈ సంగతి బెంచీ మీద కూర్చున్న పదిమంది తల్లుల్లో ఇద్దరికి కూడా తెలియదు.

థెరపీకి డబ్బు కట్టేముందు ఒక మాట అడగండి. స్పెషల్ ఎడ్యుకేటర్‌కైనా స్పీచ్ థెరపిస్టుకైనా భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆర్‌సీఐ నంబరు అంటే వాళ్ళకు అర్థమవుతుంది. చెప్పడానికి తడబడితే ఆలోచించుకోండి. ఆటిజం నయం చేస్తామని స్టెమ్ సెల్ చికిత్స అంటగట్టేవాళ్ళు కూడా తగులుతారు. ఆటిజానికి ఆ చికిత్స సిఫారసు చేయదగినది కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తేల్చింది. పుస్తెలు తాకట్టు పెట్టి ఆ ఇంజెక్షన్లు చేయించినవాళ్ళను చూశాను. ఆ తల్లిని తప్పుపట్టను. ఆశ అలాంటిది. కానీ ఆ డబ్బుతో నాలుగేళ్ళు మంచి స్పీచ్ థెరపీ జరిగేది.

నేను చేసిన తప్పు

మొదటి మూడు నెలలు ఇంట్లో బడి పెట్టాను. ముందు గదిలో నల్లబల్ల, చిన్న బెంచీ, గోడకు అక్షరమాల చార్టు. తొమ్మిదికి మొదలు, పదకొండుకు విరామం. ముప్పై ఏళ్ళలో నా చేతిలో అక్షరాలు రాని పిల్లాడు లేడని నాకు ధీమా. మూడో వారానికల్లా నేను చాక్‌పీసు తీస్తే చాలు, వాడు మంచం కిందికి దూరేవాడు. ఒకరోజు కాలు పట్టుకుని లాగాను. వాడు ఏడవలేదు, చెవులు మూసుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆ ముఖం ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. ఆ సాయంత్రమే చార్టు తీసేశాను.

వాడికి కష్టంగా ఉన్నది అక్షరం కాదు. ఎంతసేపు కూర్చోవాలో తెలియకపోవడం, తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోవడం, వద్దు అని చెప్పే దారి లేకపోవడం. ఈ మూడూ తీరనిదే ఏ పాఠమూ ఎక్కదు.

అందుకని ముందు ఫొటోల పట్టీ తయారుచేశాం. అట్టముక్క మీద వెల్క్రో అంటించి, ఫోన్‌తో తీసిన ఫొటోలు వరసగా పెట్టాం: వాడి బ్రష్షు, వాడి స్టీలు గ్లాసు, పలక, డాబా మీది ఊయల. బజార్లో దొరికే బొమ్మలు పెడితే ఆ గ్లాసు తన గ్లాసని వాడికి తట్టలేదు. ఏ పని అయిపోతే ఆ ఫొటో వాడే పీకి కింద డబ్బాలో వేస్తాడు. పలక తర్వాత ఊయల ఉందని కంటికి కనిపిస్తుంటే పది నిమిషాలు కూర్చోవడం వాడికి భారం కాలేదు. పది నిమిషాలే. రోజుకు నాలుగుసార్లు పది నిమిషాలు, రెండు గంటల బడి కంటే ఎక్కువ నేర్పాయి.

మా వైపు ఇంకో సమస్య ఉంది. నేవీ విన్యాసాలకు ముందు రిహార్సల్స్ రోజుల్లో విమానాలు ఇంటి మీదుగా వెళ్తాయి. మామూలు పిల్లలు డాబా ఎక్కి చూస్తారు, మావాడు గజగజ వణికిపోయేవాడు. ఇప్పుడు ఆ రోజుల్లో పట్టీలో విమానం ఫొటో, దాని పక్కన చెవులకు పెట్టుకునే మఫ్స్ ఫొటో పెడతాం. చప్పుడు తగ్గలేదు. అది వస్తుందని ముందే తెలియడం వల్ల వాడి టెన్షన్ తగ్గింది.

ఇక మాట. "నోటితో అడిగితేనే ఇస్తాను" అని పిల్లాణ్ణి ఏడిపించే పద్ధతి చాలా ఇళ్ళలో ఉంది, నేనూ చేశాను. బొమ్మ చూపించి అడగడం అలవాటైతే ఇక మాటలు రావేమోనని భయం. ఆ భయానికి ఆధారం లేదు. బొమ్మలతోనో సైగలతోనో అడగడం నేర్చిన పిల్లల్లో మాట ఆగిపోదనే పరిశోధనలు చెప్తున్నాయి, చాలామందిలో అది మాటకు ఊతమే అయింది. మావాడు నీళ్ళ ఫొటో నా చేతిలో పెట్టడం మొదలుపెట్టిన రెండు నెలలకు, ఫొటో పెడుతూ "నీయు" అన్నాడు. అంతకు ముందు ఫోన్లో చూసి ఏబీసీడీలు, రంగుల పేర్లు ఇంగ్లీషులో గడగడా చెప్పేవాడు. దాహమేస్తే మాత్రం వంటింట్లోకి వచ్చి తల గోడకు కొట్టుకునేవాడు. ఏది చదువో ఆ ఒక్క తేడాలో నాకు తెలిసింది.

గుండీ పాఠం

పెద్ద పనిని చిన్న ముక్కలు చేసి, చివరి ముక్క ముందు నేర్పడం ఈ పిల్లల విషయంలో చాలా బాగా పనిచేస్తుంది. చొక్కా గుండీలే తీసుకోండి. మామూలుగా మనం మొదటి గుండీ నుంచి నేర్పుతాం. పిల్లాడు పట్టుకోలేక జారవిడుస్తాడు, విసుగొస్తుంది, చివరికి మనమే పెట్టేస్తాం. వాడికి మిగిలేది ఓడిపోయిన గుర్తు.

మేం వాళ్ళ తాతయ్య పాత చొక్కా ఒకటి తీసుకున్నాం. గుండీలు పెద్దవి, కాజాలు వదులు. నాలుగు గుండీలు నేనే పెట్టి, ఐదోది కాజాలోకి సగం దూర్చి వదిలేసేదాన్ని. వాడు బొటనవేలు, చూపుడువేలుతో ఇవతలికి లాగాలి, అంతే. లాగగానే పని పూర్తి, "అయిపోయింది!" అని చప్పట్లు, ఊయల. వారం తర్వాత ఐదో గుండీ పూర్తిగా వాడిదే. తర్వాత నాలుగు, ఐదు. అలా వెనక నుంచి ముందుకు. ఐదు గుండీలకు నాలుగు నెలలు పట్టింది. ఏ రోజూ వాడు ఓడిపోయి లేవలేదు.

ఈ పనిలో సాయం ఎంత చేస్తున్నామో, ఎప్పుడు తగ్గిస్తున్నామో రాసుకోవడం ముఖ్యం. లేకపోతే మనకు తెలియకుండానే ఏళ్ళ తరబడి మనమే చేసేస్తూ ఉంటాం. నా దగ్గర రూళ్ళ నోటుబుక్కు ఉంది. పని పేరు, తేదీ, పక్కన ఒక అక్షరం. చెయ్యి పట్టి చేయిస్తే "చె". సైగ చేస్తే చాలిందా, "సై". తానే చేస్తే "తా". వారానికి ఒకటే లక్ష్యం, అది కూడా కంటితో చూసి అవునో కాదో చెప్పగలిగేలా ఉండాలి. "బాగా చదవాలి" అని రాస్తే అది లక్ష్యం కాదు. "ఐదు చెంచాల్లోంచి మూడు తీసి ఇవ్వాలి" అంటే లక్ష్యం.

ఇంట్లో వచ్చింది బయట రాదు, ఇదీ గుర్తుంచుకోవాలి. మర్రిపాలెంలో "గ్లాసు ఇవ్వు" అంటే ఇచ్చే పిల్లాడు గాజువాకలో వాళ్ళ నాన్నమ్మ ఇంట్లో ఇవ్వలేదు. ఆవిడ చిన్నబుచ్చుకుంది. అక్కడి గ్లాసు వేరు, అడిగే గొంతు వేరు. అందుకే ఒక పని వచ్చిందని టిక్కు పెట్టేముందు ముగ్గురు మనుషుల దగ్గర, రెండు చోట్ల చేయించి చూస్తాం. మా అల్లుడు షిప్‌యార్డు నుంచి అలసిపోయి వచ్చినా రోజుకు ఒక పది నిమిషాలు ఆయన వంతు. భారమంతా తల్లి మీద పడిన ఇళ్ళలో ఏడాదికే తల్లి కూలబడిపోవడం చూశాను.

తెలుగు అక్షరం ఎక్కడ తికమక పెడుతుంది

ఇది నా విషయం కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. అ ఆ ఇ ఈ వరుస పద్యంలా పాడుకోవడానికి బాగుంటుంది. గుర్తుపట్టడం నేర్చుకోవడానికి మాత్రం, ముఖ్యంగా డిస్లెక్సియా ఉన్న పిల్లలకు, అది కష్టమైన దారి. పక్కపక్కనే ఉన్నవి ఒకేలా ఉంటాయి: అ ఆ, ఎ ఏ, ఒ ఓ. హల్లుల్లో ప, వ, ష చూడండి. మ, య చూడండి. న, స చూడండి. డ, ద చూడండి. చిన్న కొమ్ము, చిన్న తలకట్టు, ఒక మెలిక, అంతే తేడా. ఒకేలా ఉన్న రెండు అక్షరాలు ఒకే వారంలో నేర్పితే రెండూ పోతాయి. ఒకటి గట్టిపడ్డాక, నెల ఆగి రెండోది తేవాలి.

గుణింతంలో ఇంకో చిక్కు. కొమ్ము క కి ఒకలా పడుతుంది, కు. ప, వ లకు ఇంకోలా పడుతుంది, పు, వు. పెద్దవాళ్ళకు అలవాటై కనిపించదు, పిల్లాడికి అవి రెండు వేర్వేరు గుర్తులు. ఒత్తులు మరీను. గ, ద, బ లకు ఒత్తు చూస్తే తల్లి అక్షరం తెలుస్తుంది. త, న, మ, య, ర, ల ఒత్తులకు ఆ పోలికే లేదు, కొత్తగా నేర్చుకోవలసిందే. "అమ్మ" అనేది తెలుగువాడికి మొదటి మాటే, కానీ రాతలో తేలిక మాట కాదు. తల, వల, జడ, పలక లాంటి వాటికి ఒత్తు లేదు, గుణింతం లేదు. మొదలు అక్కడ పెట్టాలి. ఇంకో మేలు కూడా మన లిపిలో ఉంది. ఒక్కో అక్షరం నోట్లో ఒక్కో ముక్కగా పలుకుతుంది. ప, ల, క అని చప్పట్లు కొడుతూ విడదీయవచ్చు. ఇంగ్లీషు స్పెల్లింగులో ఈ సుఖం లేదు. అక్కడ తడబడే పిల్లాడికి తెలుగులో అంత ఇబ్బంది ఉండకపోవచ్చు, ఒక్కోసారి తిరగబడీ ఉండవచ్చు. అందుకే రెండు భాషల్లోనూ విడిగా చూడాలి.

మావాడి సంగతి చెప్తాను. కంచరపాలెం రైతుబజారుకు వాణ్ణి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది చదువు కోసం కాదు, సంచి మోయిస్తే చేతులకు బరువు తగిలి కుదురుగా ఉంటాడని. లోపలికి వెళ్ళగానే ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది. వాడు దాని ముందు ఆగిపోయేవాడు. నేను రేట్లు చూసుకుంటున్నంతసేపూ వాడు పై నుంచి కిందికి వేలితో గాల్లో గీస్తూ ఉండేవాడు. ఒకరోజు గమనించాను. ప్రతి వరుస చివరా వేలు రెండుసార్లు తట్టుకుంటోంది. వంకాయ. బెండకాయ. దోసకాయ. బీరకాయ. కాకరకాయ. ఆనపకాయ. ప్రతి మాటకూ చివర "కాయ". నేను నల్లబల్ల మీద మూడు నెలలు కొట్టుకున్నా ఎక్కని రెండు అక్షరాలు ఆ బోర్డు రోజూ ఆరేడుసార్లు వాడికి చూపిస్తోంది.

ఇంటికొచ్చి ఆ ఆరు మాటలూ కార్డుల మీద రాశాను. కూరగాయలే బొమ్మలు. బెండకాయ చేతికిచ్చి, కార్డు పక్కన పెట్టి, "కాయ" భాగాన్ని అట్టతో మూసి "బెండ" చూపించాను. తర్వాత మార్చి మార్చి కాయను ఒక్కో మాటకు అంటించడం ఆట అయింది. వంకాయలో ఉన్న వకూ, ఆనపకాయలో ఉన్న పకూ తేడా మాత్రం చాలాకాలం పట్టింది, అందుకే కొన్నాళ్ళు ఆనపకాయ కార్డు దాచేశాను. ఏడు నెలల తర్వాత అదే బోర్డు దగ్గర, నేనేమీ అడక్కుండానే, "బీయకాయ" అన్నాడు. వాడికి ర పలకదు. పక్కనున్న ఆవిడ నవ్వుతూ "బీరకాయ కావాలేటి బాబూ?" అంది. వాడు చదివాడని ఆవిడకు తెలియదు. నేను అక్కడ ఉల్లిపాయల గోనెల పక్కన నిలబడి ఏడ్చేశాను.

ఇది అందరికీ బోర్డు దగ్గరే జరగాలని లేదు. ఒక బాబుకు సిటీ బస్సు నంబర్లతో అంకెలు వచ్చాయి. ఒక పాపకు వాళ్ళమ్మ ముగ్గు చుక్కలతో లెక్క వచ్చింది. పిల్లాడు దేని ముందు తనంతట తానే ఆగుతున్నాడో అది చూడండి. పాఠం అక్కడి నుంచి తీయండి.

భాష గురించి ఒక మాట. "రెండు భాషలైతే బాబు కన్‌ఫ్యూజ్ అవుతాడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అని సలహా ఇచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడుతుందని చూపిన పరిశోధన లేదు. తల్లి తనకు రాని భాషలో మాట్లాడబోతే ఏమవుతుందో నేను చూశాను. మాటలు తగ్గిపోతాయి, పాటలు ఆగిపోతాయి, కసురుకోవడం కూడా కృతకమవుతుంది. మీ ఇంట్లో తెలుగైతే తెలుగు, ఒడియా అయితే ఒడియా. "ఏటి కావాలి నాన్నా" అని మా యాసలో అడిగితేనే మావాడు తల తిప్పి చూస్తాడు.

పద్నాలుగేళ్ళు నిండాక

ఇప్పుడు మొదట దాటేసిన రెండో సంగతి. పదో తరగతి మామూలు బోర్డులో కష్టమనిపిస్తే ఓపెన్ స్కూలు ఉంది. కేంద్రానిది ఎన్‌ఐఓఎస్, మన రాష్ట్రానిది సార్వత్రిక విద్యాపీఠం. పద్నాలుగేళ్ళు నిండితే పదో తరగతికి చేరవచ్చు. ఎన్‌ఐఓఎస్‌లో ఒకసారి చేరితే ఐదేళ్ళు గడువు. ఐదు సబ్జెక్టులూ ఒక్కసారే రాయక్కర్లేదు, ఒకటీ ఒకటీ దాటుకుంటూ పోవచ్చు. గణితమే తీసుకోవాలని లేదు, గృహ విజ్ఞానం, చిత్రలేఖనం, డేటా ఎంట్రీ లాంటివి ఉన్నాయి. అంతకన్నా చిన్న స్థాయిలో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన కోర్సులు కూడా ఉన్నాయి.

మామూలు బోర్డులోనే ఉండగలిగే పిల్లలకు, ముఖ్యంగా డిస్లెక్సియా పిల్లలకు, 2016 చట్టమే దారి చూపింది. రాసిపెట్టే మనిషి, అదనపు సమయం, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు అందులో ఉన్నాయి. 2018 కేంద్ర మార్గదర్శకాలు గంటకు కనీసం 20 నిమిషాలు అదనం అన్నాయి. దరఖాస్తు తొమ్మిదో తరగతిలోనే పెట్టించండి. హాల్ టికెట్ వచ్చాక పరిగెత్తితే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

పద్దెనిమిది నిండాక తల్లిదండ్రులు చట్టం దృష్టిలో ఆటోమేటిగ్గా సంరక్షకులు కారు, ఇదీ చాలామందికి తెలియదు. నేషనల్ ట్రస్టు కిందికి వచ్చే నాలుగు వైకల్యాలకూ కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసి సంరక్షకత్వం తీసుకోవాలి. మావాడికి ఇంకా ఎనిమిదేళ్ళు ఉంది. ఆ కాగితం నేను ఉండగానే అవుతుందో లేదోనని మా అమ్మాయి ఫైలులో ముందే ఒక చీటీ రాసి పెట్టాను.

ఈ వారం నోటుబుక్కులో ఉన్న లక్ష్యం ఇది: రైతుబజారులో ఇరవై రూపాయల నోటు ఇచ్చాక, చిల్లర చేతికి వచ్చేదాకా అక్కడే నిలబడటం. మొదటి రోజు "చె". రెండో రోజు "చె". మూడో రోజు "సై". నిన్న ఆవిడ గోనె కింద చిల్లర వెతుక్కుంటూ ఉంటే, వాడు సంచి రెండు చేతులా పట్టుకుని, బోర్డు కేసి చూస్తూ, ఆవిడ నాలుగు రూపాయలు అరచేతిలో పెట్టేదాకా ఆగాడు. "తా" అని రాశాను.